ఆకురాలు కాలపు మసాలా: డబ్బాది మేలా, ఇంట్లో కొట్టినది మేలా?

ఆకులు పండుబారి రాలే రోజుల్లో ఓవెన్ వెలిగించేవారికి ఒక తీపి మసాలా పొడి కావాలి. పంప్‌కిన్ పై (గుమ్మడికాయ గుజ్జు నింపి ఓవెన్‌లో కాల్చే తీపి వంటకం), యాపిల్ కేకు, అల్లం బిస్కెట్లు, ఏది చేసినా ముందు దాని వాసనే ఇల్లంతా తిరుగుతుంది. దినుసులు నాలుగైదే: దాల్చినచెక్క, శొంఠి, జాజికాయ, లవంగం, ఆల్‌స్పైస్. పేరును బట్టి ఈ చివరిదాన్ని చాలామంది మిశ్రమం అనుకుంటారు. కరీబియన్ దీవుల్లోనూ మధ్య అమెరికాలోనూ పెరిగే ఒక చెట్టు కాయ అది. ఎండితే పెద్ద మిరియపు గింజలా ఉంటుంది.

ఇంట్లో చేసుకున్నదే మేలని నేనూ కొన్నేళ్లు అందరికీ చెబుతూ తిరిగాను. ఒకసారి అలమారలో మూడేళ్లుగా పడి ఉన్న పొడులన్నీ కలిపి కేకు చేస్తే రంగు వచ్చింది, రుచి రాలేదు. అప్పుడే మూత తీసిన డబ్బా పొడి అంతకంటే నయం. మసాలా ఎవరు కలిపారన్నది తర్వాత సంగతి, దినుసు పొడి అయి ఎన్నాళ్లయిందో ముందు చూడాలి. దినుసులోని సువాసన అంతా ఆవిరయ్యే నూనెల్లో ఉంటుంది. చెక్కగానో కాయగానో ఉన్నంతకాలం అవి లోపలే దాగి ఉంటాయి, పొడి చేసిన క్షణం నుంచి గాలిలో కలవడం మొదలవుతుంది.

డబ్బా పొడికి ఉన్న గొప్ప గుణం ఏమిటంటే, ప్రతిసారీ ఒకేలా ఉంటుంది. మెత్తగా ఉంటుంది, పంటికి పలుకు తగలదు. ఐదు సీసాలు కొనే పని తప్పుతుంది. ఏడాదికి ఒక పై, రెండు కేకులు చేసేవారికి ఇంతకంటే తెలివైన మార్గం లేదు. అమెరికాలో మెకార్మిక్ సంస్థ పంప్‌కిన్ పై మసాలాను 1934లోనే అమ్మకానికి పెట్టింది. ఇన్నేళ్లు నిలిచిందంటే ఊరికే నిలవలేదు.

దాని లోపమూ ఆ గుణంలోనే ఉంది. ఏ దినుసులు వేశారో డబ్బా మీద రాస్తారు, ఎంతెంత వేశారో రాయరు. లవంగం గిట్టనివారు అందులోంచి లవంగాన్ని తీయలేరు. గుమ్మడికాయకు శొంఠి ఘాటు బాగుంటుంది. యాపిల్‌కు శొంఠి తగ్గించి, దాల్చిన, జాజికాయ, కాస్త యాలకుల పొడి వేస్తే పండు రుచి తెలుస్తుంది. డబ్బా పొడి వాడితే రెండింటికీ ఒకే రుచి వస్తుంది. పాళ్లు ఇలాగే ఉండాలన్న శాసనం కూడా ఏమీ లేదు. 1796లో అమెరికాలో అచ్చయిన ఒక వంట పుస్తకంలో గుమ్మడికాయ పుడ్డింగులు రెండున్నాయి. ఒకదానికి జాపత్రి, జాజికాయ, అల్లం. రెండోదానికి ఆల్‌స్పైస్, అల్లం. ఇప్పుడు మనం ఈ మసాలాకు ప్రాణంగా భావించే దాల్చినచెక్క రెండింటిలోనూ లేదు.

రెండో దారి, విడివిడిగా పొడులు కొని కలుపుకోవడం. పాళ్లు మన చేతిలో ఉంటాయి, శ్రమ ఐదు నిమిషాలు. ఎక్కువగా వాడుకలో ఉన్న లెక్క ఇది: మూడు టేబుల్ స్పూన్ల దాల్చిన పొడికి రెండు టీస్పూన్ల శొంఠి, రెండు టీస్పూన్ల జాజికాయ, ఒకటిన్నర చొప్పున ఆల్‌స్పైస్, లవంగం. నేనైతే లవంగాన్ని ముప్పావు స్పూనుకు దించేస్తాను. మొదటిసారి కలిపినప్పుడు న్యాయంగా ఉంటుందని అన్నీ సమానంగా వేశాను. ఆ కేకు తిన్నవారికి పంటి డాక్టరు గది గుర్తుకొచ్చింది. లవంగంలోని యూజినాల్ నాలుకను మొద్దుబారుస్తుంది, పంటి వైద్యంలో వాడేదీ అదే. ఆల్‌స్పైస్‌లోనూ ముఖ్యమైన నూనె అదే కాబట్టి, ఆ రెండూ కలిసినప్పుడు ఘాటు మనం అనుకున్నదానికి రెట్టింపుగా తెలుస్తుంది. ఈ దారిలో చిక్కల్లా ఐదు సీసాలు కొనాలి, ఐదూ తాజాగా ఉండాలి. ఒకటి పాతబడినా పాళ్లు తప్పినట్టే.

మూడోది, దినుసులు తెచ్చి ఇంట్లోనే పొడి కొట్టడం. దీన్ని గుండుగుత్తగా మెచ్చుకోలేను, ఎందుకంటే ఫలితం దినుసును బట్టి మారిపోతుంది.

జాజికాయ విషయంలో వాదనే అనవసరం. కాయను సన్నపు తురుముడు మీద అప్పటికప్పుడు నాలుగుసార్లు గీస్తే వచ్చే వాసనకు, సీసాలో కొన్న పొడికి చుట్టరికం కూడా ఉన్నట్టు అనిపించదు. పైగా ఇంత సులువైన పని మరొకటి లేదు. లవంగాలు, ఆల్‌స్పైస్ కూడా ఇంట్లో కొట్టుకోదగినవే. మసాలాలకు వాడే చిన్న మిక్సీలో నిమిషం లోపే నలుగుతాయి. ఆపి ఆపి తిప్పాలి. ఏకబిగిన తిప్పితే గిన్నె వేడెక్కి, కాపాడుకోవాలనుకున్న నూనెలే ఎగిరిపోతాయి. తర్వాత జల్లించాలి. బిస్కెట్‌లో లవంగం పలుకు పంటికింద పడితే ఆ పూటకు ఇక వేరే రుచి తెలియదు.

శొంఠి దగ్గర నేను ఓడిపోయాను. కొమ్ము రాయిలా ఉంటుంది, లోపలంతా పీచు. దంచి, తిప్పి, జల్లించి చూస్తే చేతికొచ్చేది చెంచాడు పొడి, జల్లెడలో మిగిలేది గుప్పెడు నార. ఇది పొడిగా కొనడమే మేలు. పచ్చి అల్లం ఉంది కదా అని దాన్ని బదులుగా వేసినా అదే రుచి రాదు. ఎండేటప్పుడు అల్లానికి ఘాటునిచ్చే జింజరాల్ అనే పదార్థం కొంత షోగాల్ అనే మరోదానిగా మారుతుంది, షోగాల్ ఘాటు ఎక్కువ. పచ్చి అల్లం తడితో పొడి మసాలా నిలవ కూడా ఉండదు.

ఇక దాల్చినచెక్క. ఇక్కడ కొట్టాలా కొనాలా అనేముందు ఏ చెక్క అన్నది తేల్చుకోవాలి. కాసియా రకం మందంగా, ఒకే పొరగా చుట్టుకుని ఉంటుంది, విరవాలంటే బలం కావాలి. సిలోన్ రకం కాగితంలాంటి పొరలు ఒకదానిలో ఒకటి చుట్టి చుట్టలా ఉంటుంది, వేళ్లతో నలిపినా చిట్లుతుంది. ఇంట్లో పొడికి సిలోన్ హాయి. రుచికి వస్తే నాది రెండు నాల్కల మాటే: గుమ్మడికాయ, బెల్లం, శొంఠి గట్టిగా ఉన్నచోట కాసియా నిలబడుతుంది, సిలోన్ ఆ గోలలో వినిపించదు. యాపిల్, మీగడ ఉన్నచోట సిలోన్ అందం.

కాసియాలో కౌమరిన్ అనే పదార్థం ఎక్కువ, అతిగా తింటే కొందరికి కాలేయాన్ని ఇబ్బంది పెడుతుంది. సిలోన్‌లో అది నామమాత్రం. రోజూ తీసుకోదగిన కౌమరిన్‌కు యూరోపు ఆహార భద్రతా సంస్థ పెట్టిన హద్దు శరీర బరువులో కిలోకు 0.1 మిల్లీగ్రాము. 60 కిలోల మనిషికి అది రోజుకు సుమారు రెండు గ్రాముల కాసియా పొడి కిందకు వస్తుంది. ఎప్పుడో ఒక కేకు ముక్కతో ఆ గీత దాటడం కష్టం. పొద్దున్నే జావలో, సాయంత్రం టీలో కూడా చల్లుకునే అలవాటుంటే, ముఖ్యంగా పిల్లలకు, సిలోన్ మంచిది.

ఏ పొడి వాడినా ఫలితాన్ని మార్చే సంగతులు రెండున్నాయి. ఈ నూనెలు నీటిలో కంటే కొవ్వులో బాగా కరుగుతాయి. కరిగిన వెన్నలో మసాలా వేసి అరనిమిషం సన్నని సెగ మీద ఉంచి పిండిలో కలిపితే మామూలు డబ్బా పొడి కూడా మెరుగవుతుంది. రెండోది, ఈస్ట్‌తో పొంగే పిండిలో దాల్చిన పొడి ఎక్కువ కలపకూడదు. దానిలోని సిన్నమాల్డిహైడ్ ఈస్ట్‌ను మందగింపజేస్తుంది. అందుకే బన్నుల్లో మసాలాను చక్కెర, వెన్నలతో కలిపి పొరల మధ్య పూయడం మేలు.

చివరికి నా వంటింట్లో నిలిచింది కలగలుపు పద్ధతి. శొంఠి, కాసియా పొడులు చిన్న సీసాల్లో కొంటాను. లవంగం, ఆల్‌స్పైస్ నేనే కొడతాను. జాజికాయను ముందుగా కలపనే కలపను, పిండి కలిపే గిన్నె మీదే తురుముతాను. ఒక పంప్‌కిన్ పైకి రెండు టీస్పూన్ల మసాలా సరిపోతుంది కాబట్టి ఒక విడతలో నాలుగైదు టేబుల్ స్పూన్లకు మించి చేయను. పొయ్యి పక్కన పెట్టకుండా, చీకటిగా ఉన్న అలమారలో గట్టి మూత సీసాలో ఉంచుతాను. మళ్లీ తీసినప్పుడు చిటికెడు అరచేతిలో రుద్ది చూస్తాను; వాసన కోసం ముక్కును చేతికి ఆనించాల్సి వస్తే ఆ సీసా ఖాళీ చేసేస్తాను.