ఎఫెసస్‌లో ఒక పూట: హెరాక్లిటస్ కోసం వెళ్తే

గైడు వెంట టర్కీలోని ఎఫెసస్ శిథిలాల్లో సగం రోజు నడక, మధ్యాహ్న భోజనంతో కలిపి. ప్రకటనలో ఈ ఊరి ప్రాచీన గ్రీకు తత్వవేత్త హెరాక్లిటస్ పేరు పెద్ద అక్షరాల్లో కనిపించేసరికి, ఇజ్మీర్‌లో ఉంటున్న మా అమ్మాయి వద్దంటున్నా వినకుండా డబ్బు కట్టేశాను. అయిదుకు మూడు మార్కులు వేస్తున్నాను.

గైడు మంచివాడు. రోమన్ల సంగతి చెప్పడంలో అతనికి తిరుగులేదు. సెల్సస్ గ్రంథాలయం ముందు గోడను 1970లలో రాయి రాయి ఏరి తిరిగి ఎలా నిలబెట్టారో విడమరచి చెప్పాడు. కానీ క్యూరెటీస్ వీధిలో ఆగి, "హెరాక్లిటస్ ఈ రాళ్ల మీదే నడిచేవాడు" అనగానే నాకు ఒళ్లు మండింది. ఆయన క్రీ.పూ. 500 ప్రాంతపు మనిషి. అలెగ్జాండర్ సేనానుల్లో ఒకడైన లైసిమాకస్ ఊరిని ఇక్కడికి తరలించింది ఆ తరువాత రెండు వందల ఏళ్లకు. ఆ మాటే అంటే నవ్వి ఊరుకున్నాడు.

బస్సు పై ద్వారం దగ్గర దింపుతుంది, కింది ద్వారం దగ్గర ఎక్కించుకుంటుంది. సగం దిగాక కళ్లజోడు పైనే మరిచానని గుర్తొచ్చి మళ్లీ ఎక్కాను. ఎక్కే దారీ దిగే దారీ ఒకటే అన్నాడు హెరాక్లిటస్. మోకాళ్లను అడిగి అన్న మాటలా లేదు.

నేను వెతికింది నాటకశాల మెట్ల మీద నుంచి కనిపించింది. రేవు వీధి తిన్నగా సాగి రెల్లు పొదల్లో ఆగిపోతుంది. ఒకప్పుడు ఓడలు నిలిచింది అక్కడే. ఇప్పుడు సముద్రం కిలోమీటర్ల అవతల ఉంది. నదిలో దిగేవారి మీదికి ఎప్పటికప్పుడు వేరే నీళ్లు వస్తాయన్న ఆయన మాట అందరూ చెప్పుకునేదే. ఆ నీళ్లు వట్టి చేతులతో రాలేదు, ఒండ్రు మోసుకొచ్చాయి. నది సముద్రంలో కలిసే చోటు కాబట్టే ఊరు బతికింది, ఆ నదే రేవును పూడ్చింది. దీని గురించి గైడు ఒక్క ముక్క చెప్పలేదు. ఫోటోలకని అయిదు నిమిషాలు ఇచ్చాడు.

గ్రీకు దేవత ఆర్టెమిస్ గుడి దగ్గర పది నిమిషాలు. హెరాక్లిటస్ తన పుస్తకాన్ని ఆ గుడిలోనే ఉంచాడని తత్వవేత్తల జీవితాలు రాసిన డయోజెనెస్ లయేర్టియస్ రాశాడు. ఆ గుడి క్రీ.పూ. 356లో కాలిపోయింది. ఇప్పుడక్కడ మడుగు పక్కన ముక్కలు పేర్చి నిలిపిన ఒకే స్తంభం, దాని నెత్తిన కొంగ గూడు. పుస్తకం గతీ అంతే. ఇతరులు తమ రాతల్లో ఉదహరించిన నూటికి పైగా తునకలే మిగిలాయి.

భోజనం పక్కనే ఉన్న సెల్చుక్ ఊళ్లో. వంకాయ కూర చల్లారిపోయింది. అయ్‌రాన్ మాత్రం బాగుంది, మన ఉప్పు మజ్జిగే. మాటల్లో పడి గ్లాసు అలాగే వదిలేస్తే పైన తేట, అడుగున పెరుగు. బార్లీతో చేసే కుకియోన్ అనే పానీయం కూడా కదిలిస్తూ ఉండకపోతే విడిపోతుందని ఆ తునకల్లో ఒకటి ఉంది. గైడుకు ఇది వివరంగా చెప్పాను. అంతా శ్రద్ధగా విని, నాకు చెంచా తెప్పించాడు.