మబ్బు పట్టినా చూడగలిగే ఉపగ్రహం: సిరోంచలో సెంటినెల్-1

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మా సిరోంచ తాలూకాలో వానాకాలం ముంపు చూపించడానికి సెంటినెల్-1 చిత్రాలను మించిన ఉచిత సాధనం ఇన్నేళ్లలో నాకు దొరకలేదు. ప్రాణహిత నది పొంగే రోజుల్లోనే ఆకాశం మూసుకుపోతుంది. మామూలు ఉపగ్రహ చిత్రం తెరిస్తే మబ్బు తప్ప మరేమీ ఉండదు. ఐరోపా అంతరిక్ష సంస్థ 2014లో మొదలుపెట్టిన ఈ ఉపగ్రహ శ్రేణి ఫోటోలు తీయదు. సుమారు 5.6 సెంటీమీటర్ల రేడియో తరంగాలను కిందికి పంపి, తిరిగొచ్చిన దాన్ని కొలుస్తుంది. వాటికి మబ్బూ చీకటీ అడ్డు కావు. నిలిచిన నీరు తరంగాలను అవతలికి జారవిడుస్తుంది కనుక చిత్రంలో నల్లగా కనిపిస్తుంది.

కానీ నల్లగా ఉన్నదంతా వరద కాదు. ప్రాణహితలోని ఎండిన ఇసుక మేటలూ నల్లగానే ఉంటాయి. నాట్లకు దమ్ము చేసి నీరు నిలిపిన వరి మడీ అంతే. అందుకే ముందు మే నెల చిత్రం పక్కన పెట్టుకుని ఇసుకను తీసేయాలి. ఆ తర్వాత పత్తి, మిరప చేలను చూడాలి. పత్తి చేనులో ఎవరూ నీరు నిలబెట్టరు కదా, అది నల్లబడిందంటే ముంపే. తలాఠీ (గ్రామ రెవెన్యూ అధికారి) పంచనామాకు వచ్చేసరికి నీరు తీసినా, ఏ సర్వే నంబరు దాకా వచ్చిందో ఈ చిత్రంతో చూపించవచ్చు. ఒక కార్యాలయంలో దీన్ని చూడనైనా చూడలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అసలు లోపం సమయం. ఒక ఉపగ్రహం అదే దారిలో మళ్లీ రావడానికి 12 రోజులు పడుతుంది. వరద రెండు మూడు రోజుల్లో తీసేస్తే ఆ చిత్రమే ఉండదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అంతటి వరదలోనైనా ఉపగ్రహం వచ్చిన పూట నీరు ఎంత ఉందో అంతే నమోదవుతుంది, గరిష్ఠ మట్టం కాదు.

అడవి నరికివేతకు మాత్రం జాగ్రత్తగా వాడాలి. వేసవిలో టేకు ఆకు రాల్చినా తిరిగొచ్చే సంకేతం తగ్గుతుంది, చెట్లు పోయాయేమో అనిపిస్తుంది. ఒక ఏప్రిల్‌ను మరో ఏప్రిల్‌తోనే పోల్చండి.

ఇంద్రావతి గోదావరిలో కలిసే సోమనూరు వైపు, దట్టమైన ఆకుల కింద నిలిచిన నీటిని ఈ తరంగాలు సరిగా పట్టలేవు. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నాసా-ఇస్రో ఉపగ్రహం నైసార్‌లో 24 సెంటీమీటర్ల తరంగం కూడా ఉంది. అది ఆకులను దాటి మొదళ్ల దాకా వెళ్లగలదు. అడవి ముంపు చూడాలనుకునేవారు దాన్ని కూడా తెరిచి చూడండి. చేలకైతే నేను సెంటినెల్‌నే వాడతాను.