చేపల వైద్యం ఎక్కడ నేర్చుకోవాలి? వెటర్నరీ విద్యార్థుల ముందున్న శిక్షణలపై సమీక్ష

జలచర వైద్యం నేర్పుతామన్న ప్రకటన కనబడితే వెటర్నరీ విద్యార్థి ముందుగా అడగాల్సింది ఒక్కటే: ఈ శిక్షణ అయ్యేలోపు ఎన్ని చేపల మొప్పలు నా చేత్తో కత్తిరించి, నేనే స్లైడు వేసి, నేనే చూస్తాను? పది కన్నా తక్కువైతే అది ఉపన్యాసాల కోర్సు. ఉపన్యాసం వినడం తప్పేమీ కాదు, దాన్ని శిక్షణ అనుకుని డబ్బు కట్టడం తప్పు. ఈ సమీక్షలో ప్రతి కోర్సునూ ఆ కొలతతోనే చూశాం.

పేరున్నవాటిలో మొదట చెప్పాల్సింది అమెరికాలోని ఆక్వావెట్. కార్నెల్, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయాల వెటర్నరీ కాలేజీలు 1977లో దీన్ని మొదలుపెట్టాయి. చాలా ఏళ్లు మసాచుసెట్స్‌లోని వుడ్స్ హోల్‌లో నడిచి, తర్వాత రోడ్ ఐలాండ్ రాష్ట్రం బ్రిస్టల్‌లోని రోజర్ విలియమ్స్ విశ్వవిద్యాలయానికి మారింది. మొదటి భాగం నాలుగు వారాల పరిచయ కోర్సు. రెండో భాగం రెండు వారాలు, పూర్తిగా జలచరాల పాథాలజీ, అంటే వ్యాధి శాస్త్రం. మొదటి భాగం బలం దాని విస్తృతిలో ఉంది. ఆల్చిప్ప నుంచి ఎండ్రకాయ దాకా, చేప నుంచి తాబేలు, సీల్ దాకా ఏ జీవి శరీరం ఎలా పనిచేస్తుందో ఒకే ఊపులో చూపిస్తుంది. ఆవు, గేదె, కుక్క అనాటమీతో నాలుగేళ్లు గడిపిన బుర్రకు ఇది చాలా అవసరం. చేపకు మూత్రపిండంలోనే రక్తం తయారవుతుందని, రొయ్యకు లివరూ పాంక్రియాసూ కలిసి హెపటోపాంక్రియాస్ అనే ఒకే అవయవమని పుస్తకంలో చదవడం ఒకటి, కోసి చూడడం ఇంకొకటి.

రెండో భాగం అందరికీ కాదు. హిస్టాలజీ, అంటే కణజాలపు స్లైడు చదవడం ముందే వచ్చినవాళ్లకే అది ఉపయోగం. జనరల్ పాథాలజీలో ఇన్‌ఫ్లమేషన్ (వాపు), నెక్రోసిస్ (కణజాలం చచ్చిపోవడం) తేడా ఇంకా తడబడుతుంటే ఆ రెండు వారాలూ గంగలో పోసినట్టే.

అమెరికాలో, కరీబియన్ దీవుల కాలేజీల్లో వెటర్నరీ చదువుతున్న తెలుగు పిల్లలు మొదటి భాగానికి తప్పకుండా ప్రయత్నించాలి. ఇక్కడి నుంచి వెళ్లాలనుకునేవాళ్లు మాత్రం ఆ ఏడాది అర్హతలు, ఫీజు, వీసా ఖర్చు చూసుకున్నాక ఒక్క విషయం ఆలోచించాలి. అక్కడ చల్లటి సముద్రం ఉంటుంది గానీ మట్టి చెరువు ఉండదు. శీలావతి, బొచ్చె చేపలు, వనామీ రొయ్యల మధ్య పనిచేయబోయే మనిషికి ఆ కోర్సు కళ్లు తెరిపిస్తుంది, చేతిపని మాత్రం ఇక్కడే పట్టుబడాలి.

ప్రపంచ జలచర వెటర్నరీ వైద్యుల సంఘం, అంటే వావ్మా, ఇచ్చే సర్టిఫైడ్ ఆక్వాటిక్ వెటరినేరియన్ గుర్తింపు ఇంకో రకం. ఇది కోర్సు కాదు, కాబట్టి ఎక్కడికో వెళ్లి కూర్చునే పని లేదు. తొమ్మిది విషయాల్లో జ్ఞానం, నైపుణ్యం, అనుభవం ఉన్నాయని ఆధారాలతో చూపించాలి: జీవుల వర్గీకరణ–అనాటమీ–ఫిజియాలజీ, నీటి వాతావరణం, పెంపకం–పరిశ్రమ, వ్యాధులు–ఎపిడెమియాలజీ, రోగనిర్ధారణ–చికిత్స, క్లినికల్ అనుభవం, ప్రజారోగ్యం–సీఫుడ్ భద్రత, చట్టాలు, జంతు సంక్షేమం. చూసేందుకు ఒక అనుభవజ్ఞుడైన మెంటారు ఉంటాడు. మా దృష్టిలో విద్యార్థికి దీనికంటే విలువైనది లేదు, అదీ సర్టిఫికెట్ కోసం కాదు, ఆ తొమ్మిది గళ్ల పట్టిక కోసం. ఇంట్లో గోడకు అంటించుకుని, చూసిన ప్రతి కేసూ ఏ గడిలోకి వస్తుందో తేదీతో సహా రాసుకోవాలి. చూసినది వేరు, పక్కన నిలబడి సాయం చేసినది వేరు, తానే చేసినది వేరు. మూడింటికీ మూడు గుర్తులు పెట్టుకోవాలి. మూడో ఏడాదిలో మొదలుపెడితే డిగ్రీ చేతికొచ్చేసరికి ఏ గడులు ఖాళీగా ఉన్నాయో తేటతెల్లమవుతుంది. ఎక్కువమందికి ఖాళీగా మిగిలేవి రెండు: నీరు, చట్టాలు.

ఇక మన దేశం. చెన్నైలోని సీబా, అంటే కేంద్ర ఉప్పునీటి జలచర పరిశోధన సంస్థ, ముట్టుకాడులో ప్రయోగ కేంద్రం కూడా నడుపుతోంది. రొయ్యల వ్యాధుల నిర్ధారణ మీద అక్కడ దొరికే స్వల్పకాలిక శిక్షణలే రొయ్య పట్ల ఆసక్తి ఉన్న విద్యార్థి మొదటి గమ్యం కావాలి. మంచినీటి చేపలకైతే భువనేశ్వర్ దగ్గర కౌసల్యగంగలోని సీఫా (కేంద్ర మంచినీటి జలచర పరిశోధన సంస్థ), కాకినాడలో సీఫె (కేంద్ర మత్స్య విద్యా సంస్థ) కేంద్రం ఉన్నాయి. వీటిలో ఏదైనా బ్యాచ్ ఎంత చిన్నదైతే అంత మంచిది. ఇరవై మందికి ఒక పీసీఆర్ (రోగకారకాన్ని దాని డీఎన్ఏతో పట్టే పరీక్ష) యంత్రం, పది మందికి ఒక మైక్రోస్కోపు అంటే చూడడమే గాని చేయడం ఉండదు. అడిగితే చెప్తారు, సిగ్గుపడకుండా అడగాలి.

పీసీఆర్ పేరు వినగానే విద్యార్థులు ఎగబడతారు. కానీ పీసీఆర్ నేర్చుకోవడం కన్నా శాంపిల్ తీయడం నేర్చుకోవడమే కష్టం, అదే ముఖ్యం కూడా. తెల్లమచ్చల వ్యాధికి రొయ్య మొప్ప గాని ఈత కాళ్లు గాని కత్తిరించి 95 శాతం ఆల్కహాల్‌లో వేయాలి. కణజాలం ఒకటైతే ఆల్కహాల్ పది వంతులు ఉండాలి. కన్ను వేయకూడదు, అందులోని పదార్థాలు పీసీఆర్‌ను ఆపేస్తాయి, రోగం ఉన్నా లేదని వస్తుంది. ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి అనుమానమైతే మొప్ప పనికిరాదు, హెపటోపాంక్రియాస్ కావాలి. హిస్టాలజీకి కణజాలం చెడకుండా ఉంచే డేవిడ్‌సన్ ద్రవాన్ని బతికున్న రొయ్య హెపటోపాంక్రియాస్‌లోకి సూదితో ఎక్కించాలి. చచ్చాక ఎక్కిస్తే అప్పటికే ఆ అవయవం తన ఎంజైములతో తానే కరిగిపోయి ఉంటుంది, స్లైడు మీద ఏమీ అర్థం కాదు. ఒకటి నుంచి మూడు రోజుల్లో 70 శాతం ఆల్కహాల్‌కు మార్చాలి. మార్చకుండా వారం వదిలేస్తే ఆ ద్రవంలోని ఆమ్లం డీఎన్ఏను పాడుచేస్తుంది. ఈ వాక్యాలన్నీ బోర్డు మీద రాసి చెప్పే శిక్షణకు సగం మార్కులు, ఒక్కో విద్యార్థి చేత ఐదారు రొయ్యలు చేయించే శిక్షణకు పూర్తి మార్కులు.

అసలైన బడి మాత్రం భీమవరం, కైకలూరు, ఆకివీడు, నెల్లూరు చుట్టూ ఉన్న ఆక్వా ల్యాబుల్లో ఉంది. ఉదయం ఏడింటికి రైతు చేపల సంచీతోనో నీళ్ల సీసాతోనో ల్యాబు మెట్లెక్కుతాడు. అక్కడ ఎక్కువగా కనిపించేది బి.ఎఫ్.ఎస్సీ. (మత్స్య శాస్త్ర డిగ్రీ) చదివినవాళ్లు, లేదంటే ఏళ్ల తరబడి చెరువు గట్లమీద తిరిగిన టెక్నీషియన్లు. వెటర్నరీ విద్యార్థి వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకోవాలి. చెరువు వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు. పాథాలజీ, ఫార్మకాలజీ మనకు కాస్త ఎక్కువ తెలుసు. ఈ రెండూ కలిస్తేనే రైతుకు మేలు. ఒకటే జాగ్రత్త: కొన్ని ల్యాబులు మందుల షాపుకు అనుబంధంగా నడుస్తాయి. రిపోర్టు ఏదైనా చివరికి అదే డబ్బా చేతిలో పెడుతుంటే, అక్కడ స్లైడు చదవడం మాత్రమే నేర్చుకుని చికిత్స మాత్రం నేర్చుకోకుండా రావాలి.

మొప్ప స్లైడు ఎలా ఉండాలో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే శిక్షణ మంచిదో కాదో ఇక్కడే తేలిపోతుంది. చేప బతికే రావాలి, అదే చెరువు నీటిలో, ఆక్సిజన్ నింపిన సంచీలో. ఐస్‌లో పెట్టిన చచ్చిన చేప పరాన్నజీవుల పరీక్షకు పనికిరాదు. పట్టి ఉన్నవి వదిలేసి పోతాయి, మిగిలినవి చచ్చి కదలవు, కదలనిదాన్ని గుర్తుపట్టడం కష్టం. మత్తుకు లవంగ నూనె చాలు. నీటిలో కరగదు కాబట్టి ముందు పది రెట్ల ఆల్కహాల్‌లో కలిపి, తర్వాత లీటరు నీటికి 40–50 మిల్లీగ్రాముల లెక్కన వేయాలి. ఎంఎస్–222 అనే చేపల మత్తుమందు దొరికితే లీటరుకు 100 మిల్లీగ్రాములు, దానికి రెట్టింపు బరువు వంటసోడా. సోడా మర్చిపోతే నీరు ఆమ్లమై చేప గిలగిల్లాడుతుంది, మొప్పల నిండా జిగురు పేరుకుంటుంది, ఆ జిగురునే రోగం అనుకునే ప్రమాదం ఉంది. మత్తు ఇచ్చిన చేప కూరకు పోకూడదు.

చేప పక్కకు ఒరిగి, మొప్ప మూత నెమ్మదిగా కదులుతుండగా చిన్న కత్తెరతో రెండు మూడు మొప్ప తంతువుల కొసలు మాత్రమే తీయాలి. మొదలంటా కోస్తే రక్తం కారి స్లైడంతా ఎర్రకణాలే. స్లైడు మీద చుక్క చెరువు నీరే వేయాలి. కొళాయి నీటిలో క్లోరిన్ ఉంటే ట్రైకోడినా లాంటి ఏకకణ జీవులు క్షణాల్లో పగిలిపోతాయి, స్లైడు శుభ్రంగా ఉందని తప్పుడు రిపోర్టు పోతుంది. కండెన్సరు కిందికి దించి, వెలుతురు తగ్గించి, ముందు 40 రెట్లలో, తర్వాత 100లో చూడాలి. నాలుగు నల్లటి కంటిచుక్కలతో, లోపల పిల్ల లేకుండా కదిలే పురుగు డాక్టైలోగైరస్. కంటిచుక్కలు లేక, కడుపులో పిల్ల కనిపించే పురుగు గైరోడాక్టైలస్. గుర్రపు నాడా ఆకారపు కేంద్రకంతో బద్ధకంగా గుండ్రంగా తిరిగేది ఇక్, తెల్లచుక్కల వ్యాధి. చేప పేనుకు మైక్రోస్కోపే అక్కర్లేదు, కంటికే కనిపిస్తుంది. దాని గుడ్లు మాత్రం చేప మీద ఉండవు, చెరువులోని కర్రలకు, గట్టి వస్తువులకు అంటుకుని ఉంటాయి. ఒక్క మోతాదుతో పెద్ద పేలు చచ్చినా గుడ్లు పగిలాక మళ్లీ మొదలు. ఇది చెప్పకుండా మందు పేరు మాత్రమే చెప్పే శిక్షణ రైతును నష్టపెడుతుంది.

పది చేపలు చేశాక కూడా ఒక విద్యార్థి చేతికి గ్లౌజు లేకపోతే ఆ శిక్షణ పెట్టినవాళ్లదే లోపం. చేపల నుంచి మనుషులకు సోకే మైకోబాక్టీరియం, విబ్రియో బాక్టీరియాల గురించి తరగతిలో చెప్పి, బల్ల దగ్గర వదిలేయడం తరచూ జరిగే పొరపాటు.

నీటి పాఠం లేని జలచర వైద్య శిక్షణ ఏ పేరుతో వచ్చినా తీసుకోవద్దు. అమ్మోనియా కిట్ చూపేది మొత్తం అమ్మోనియా. అందులో విషం ఎంతన్నది పీహెచ్, ఉష్ణోగ్రత తేలుస్తాయి. 28 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే విషపు వంతు నూటికి ఒకటి కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే ఆరేడు, పీహెచ్ 9 అయితే నలభై దాకా. అందుకే ఒకే చెరువు ఉదయం బాగుండి మధ్యాహ్నం మూడింటికి, నాచు పీహెచ్‌ను పైకి నెట్టాక, చేపను చంపేయగలదు. ఆక్సిజన్ దీనికి ఎదురు. తెల్లవారుజామున కొలవాలి, పగలు కొలిచిన అంకె ధైర్యం చెప్పి మోసం చేస్తుంది. శిక్షణ షెడ్యూలులో తెల్లవారుజాము నాలుగైదు గంటలకు చెరువు గట్టు మీద ఒక్క రోజైనా ఉందా లేదా చూడండి.

మోతాదు లెక్క కూడా విద్యార్థి చేతే కట్టించాలి. ఎకరా చెరువులో ఒక అడుగు లోతు నీటికి 1 పీపీఎం (పది లక్షల వంతుల నీటికి ఒక వంతు మందు) అంటే సుమారు 1.23 కిలోలు. ఐదడుగుల నీరుంటే 6 కిలోలకు కాస్త పైన. ఇంత తేలిక లెక్కలో రెండు చోట్ల తప్పు దొర్లుతుంది. రైతు చెప్పే లోతు చాలాసార్లు గట్టు లోతు, నీటి లోతు కాదు. కర్ర దించి నాలుగైదు చోట్ల కొలవాలి. రెండోది, పీపీఎం అసలు మందుకా, డబ్బాలోని పొడికా అన్నది. డబ్బాలో మందు 20 శాతమే ఉంటే లెక్క ఐదు రెట్లు మారిపోతుంది.

చట్టాల గడికి ఒక్క సాయంత్రం చాలు, కానీ దాన్ని వదలకూడదు. క్లోరామ్‌ఫెనికాల్, నైట్రోఫ్యురాన్లు అనే యాంటీబయాటిక్ మందులు చేపల, రొయ్యల పెంపకంలో నిషేధం. వీటి అవశేషం ఒక్క ఎగుమతి కంటైనర్‌లో దొరికితే అది వెనక్కి వస్తుంది, ఆ భారం మొత్తం ప్రాంతం రైతుల మీద పడుతుంది. తీరానికి కొట్టుకొచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్ల మీద ఆసక్తి ఉన్నవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి: అవి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. అటవీ శాఖ అనుమతి లేకుండా చచ్చిన తాబేలును సైతం ముట్టుకోకూడదు. అనుమతి సంగతి ఎత్తకుండా తాబేలు పోస్టుమార్టం చూపిస్తామనే శిక్షణకు దూరంగా ఉండండి.

డాల్ఫిన్ల ఫోటోలతో వచ్చే వారాంతపు వర్క్‌షాపులకు మా సిఫార్సు లేదు. ఆ డబ్బుతో కాకినాడకో చెన్నైకో ఒక వారం వెళ్లిరావచ్చు.

ఇంటర్న్‌షిప్‌లో ఆక్వా ల్యాబుకు సమయం ఎంచుకునే వీలుంటే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పెట్టుకోండి. చలికాలం చేపలకు ఎర్ర పుండ్లు వచ్చే కాలం, ఉష్ణోగ్రత పడిపోయినప్పుడు రొయ్యల చెరువుల్లో తెల్లమచ్చల కేసులు పెరిగే కాలం. రోజుకు రెండు కేసులు చూసే ల్యాబే ఆ నెలల్లో పది చూస్తుంది. వెళ్లేటప్పుడు సొంత కత్తెర, సొంత స్లైడు పెట్టె, మార్కరు తీసుకెళ్లండి. ల్యాబులో మైక్రోస్కోపు ఇస్తారు గానీ కత్తెర ఎవరూ ఇవ్వరు.