ఆ డ్యాన్స్ మ్యాట్ దయచేసి కొనకండి, పెద్దవాళ్ల కోసమైతే అసలే వద్దు

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను, ఒళ్లు మండిపోతోంది. రాత కాస్త అటూ ఇటూగా ఉంటే సర్దుకోండి, కోపం చల్లారాక రాద్దామనుకుంటే ఈలోపు ఇంకెవరో కొనేస్తారు. సెల్లర్ పేరు రాయను, కానీ వెతికినవాళ్లకి చెప్పక్కర్లేదు. డ్యాన్స్ మ్యాట్ అంటే కంప్యూటర్‌కి తగిలించి, దాని మీదున్న బాణాల్ని కాళ్లతో తొక్కుతూ గేమ్ ఆడే మ్యాట్. ఆ పేరు కొట్టగానే పైనే కనబడేది, నల్ల మ్యాట్ మీద గులాబీ రంగు, నీలం రంగు బాణాలు, దాని మీద ఒక అమ్మాయి రెండు కాళ్లూ గాల్లోకి లేపి ఎగురుతున్న ఫొటో, 2,799 రూపాయలు. అదే. ఆ ఫొటో గుర్తుపెట్టుకోండి, దాని సంగతి తర్వాత చెప్తాను.

మేం ఎందుకు కొన్నామంటే, అమ్మకి షుగర్. డాక్టర్ రోజూ నడవమన్నారు. మా కూకట్‌పల్లి సందుల్లో వాన పడితే మోకాలి దాకా నీళ్లు, వాన లేకపోతే బైకులు, ఎక్కడ నడుస్తుంది? మా తమ్ముడు కంప్యూటర్‌లో స్టెప్‌మేనియా ఆడుతుంటాడు. తెలియనివాళ్ల కోసం ఒక్క మాట: అది ఉచితంగా దొరికే గేమ్, పాట నడుస్తుంటే తెర మీద బాణాలు కింద నుంచి పైకి వస్తుంటాయి, అవి పైనున్న బాణాల మీదికి చేరే సరికి కాలి కింద అదే బాణం తొక్కాలి. 1998లో జపాన్‌లో కొనామి కంపెనీ గేమ్ సెంటర్లకి తెచ్చిన డ్యాన్స్ డ్యాన్స్ రెవల్యూషన్ ఉంది కదా, అదే పద్ధతి. వాడు కీబోర్డ్ మీద వేళ్లతో ఆడుతుంటే అమ్మ వెనకాల నిలబడి కాళ్లతో తాళం వేసేది. అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రం 2006లో ఇదే ఆటని పిల్లల వ్యాయామం కోసం స్కూళ్లలో పెట్టింది, మనింట్లో ఎందుకు పెట్టకూడదు అని తమ్ముడే ముందు అన్నాడు. స్టెప్‌మేనియాలో ఇంకో సుఖం ఏంటంటే మనకి నచ్చిన పాటకి మనమే స్టెప్స్ రాసుకోవచ్చు. అమ్మకి ఇష్టమైన పాత పాటలకి వాడు రాత్రుళ్లు కూర్చుని, ఆవిడ మోకాళ్లకి తగ్గట్టు నిదానంగా, ఒక్కో బాణం పెట్టి రాశాడు. పల్లవి అయిపోయిన చోట మాత్రం ఎడమ, కుడి రెండూ ఒకేసారి తొక్కేలా పెట్టాడు. దాన్ని జంప్ అంటారు గానీ ఎగరక్కర్లేదు, రెండు కాళ్లూ ఒకేసారి ఆనితే చాలు.

మ్యాట్ వచ్చింది. లిస్టింగ్‌లో ‘మందపాటి ఫోమ్’ అని రాశారు, వచ్చింది చూస్తే బల్ల మీద వేసే ప్లాస్టిక్ షీటు కన్నా కాస్త మందం, అంతే. కాగితంలా మడతపెట్టి చిన్న డబ్బాలో కుక్కారు. డబ్బా మీద తయారుచేసినవాళ్ల పేరు లేదు, దిగుమతి చేసుకున్నవాళ్ల పేరు లేదు, ఏ దేశంలో తయారైందో లేదు. లోపల మాత్రం తళతళలాడే కార్డు ఒకటి ఉంది, 5 స్టార్ రివ్యూ ఇచ్చి స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో పంపితే 150 రూపాయలు యూపీఐ చేస్తారట. ఆ మ్యాట్‌కి అంత మంచి రేటింగ్ ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు అర్థమైంది. అక్కడున్న వందల రివ్యూల్లో ఒక్కరు కూడా ఏ గేమ్‌తో ఆడారో రాయలేదు, గమనించండి. ‘గుడ్ ప్రొడక్ట్’, ‘పిల్లలు హ్యాపీ’, అంతే.

సరే, నేల మీద పరిచి యూఎస్‌బీ పెట్టాం, బాణాలు పనిచేశాయి, అమ్మ మొదలుపెట్టింది. పల్లవి చివరికి వచ్చేసరికి రెండు కాళ్లూ వేసింది, మిస్. మళ్లీ వేసింది, మిస్. పాట మొత్తం బాగా ఆడి సరిగ్గా అక్కడికొచ్చేసరికి ప్రతిసారీ తప్పే. ‘నాకే కుదరట్లేదురా, కాళ్లు సమంగా పడట్లేదేమో’ అంటూ ఆవిడ మళ్లీ మళ్లీ మొదటి నుంచి పెట్టించుకుంది. ఇదే నాకు ఎక్కువ బాధ, లోపం వస్తువులో ఉంటే ఆవిడ తన కాళ్లని అనుమానించింది.

తమ్ముడు తను ఎక్కి చూశాడు, వాడికీ అంతే. విండోస్‌లో జాయ్.సీపీఎల్ (joy.cpl) అని కొడితే గేమ్ కంట్రోలర్ల విండో తెరుచుకుంటుంది, అందులో ఏది తొక్కితే ఏది వెలుగుతుందో కనిపిస్తుంది. ఎడమ బాణం తొక్కితే చిన్న ప్లస్ గుర్తు ఎడమకి వెళ్లింది, కుడి తొక్కితే కుడికి వెళ్లింది, రెండూ తొక్కితే కదలకుండా మధ్యలో నిలబడింది. విషయం అదీ. మంచి మ్యాట్‌లో నాలుగు బాణాలూ నాలుగు వేర్వేరు బటన్లు. ఈ మ్యాట్‌లో పెట్టిన బోర్డు బాణాల్ని జాయ్‌స్టిక్ పుల్లలాగా పంపుతోంది. పుల్లని ఒకేసారి ఎడమకీ కుడికీ తోయలేం కదా, అందుకే రెండూ కలిపి తొక్కితే ఒకదాన్నొకటి కొట్టేసుకుని కంప్యూటర్‌కి అసలు ఏమీ తొక్కనట్టే చేరుతుంది. పైకి, కిందికి బాణాలది కూడా అదే కథ. సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని సెట్టింగులు మార్చినా ప్రయోజనం లేదు, ఎందుకంటే సమాచారం మ్యాట్ దగ్గరే పోతోంది. కొన్ని మ్యాట్‌లకి మోడ్ మార్చే స్విచ్ ఉంటుంది, దీనికి అదీ లేదు.

ఈ ఆట పుట్టిందగ్గర్నుంచీ జంప్ ఉంది. జంప్ తీసుకోని మ్యాట్‌ని డ్యాన్స్ మ్యాట్ అని అమ్మడం మోసం, ఇంకో మాట లేదు. పైగా లిస్టింగ్‌లో ‘స్టెప్‌మేనియాకి పనిచేస్తుంది’ అని పెద్ద అక్షరాలతో రాశారు!

రిటర్న్ లేదు, రీప్లేస్‌మెంట్ మాత్రమే అన్నారు. రీప్లేస్‌మెంట్‌లో అచ్చం అలాంటిదే ఇంకోటి పంపారు. దానిలో జంప్ రాకపోవడమే కాదు, కొద్ది రోజులకే కుడి బాణం పూర్తిగా చచ్చిపోయింది. తమ్ముడు అంచు దగ్గర కుట్టు విప్పి చూశాడు. లోపల రెండు పల్చటి ప్లాస్టిక్ షీట్లు, వాటి మీద నల్లటి కార్బన్ గీతలు, మధ్యలో బాణాల దగ్గర చిల్లులు పెట్టిన ఫోమ్. కాలు పడితే చిల్లులోంచి పై గీత కింది గీతకి తగలాలి, అప్పుడు బాణం పడినట్టు. సరిగ్గా వాళ్లు డబ్బాలో కుక్కడానికి మడత పెట్టిన చోట, కుడి బాణం వైపు వెళ్లే గీత చిట్లిపోయి ఉంది. వెలుతురుకి పెట్టి చూస్తే ఆ మడత వెంట నల్ల రంగు పొడిలా రాలుతోంది. అంటే మా కాళ్ల వల్ల కాదు, వాళ్ల ప్యాకింగ్ వల్ల పోయింది. ఫొటోలు తీసి పంపాం. యాప్ చాట్‌లో ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని టికెట్ మూసేశారు.

ఇక ఈరోజు పొద్దున. సెల్లర్ తరఫున అంటూ ఒకతను ఫోన్ చేశాడు. అమ్మ కూడా వింటుందని స్పీకర్ పెట్టాను, ఆవిడ పక్కనే చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

‘మేడం, రెండు బాణాలు ఒకేసారి తొక్కారా?’ అన్నాడు.

‘ఆట అదే కదండీ’ అన్నాను.

‘ఒక్కొక్కటే తొక్కాలి మేడం. రెండూ కలిపి ఈ మోడల్‌లో రాదు. మీకొక్కరికే కాదు, అందరికీ అంతే.’

అందరికీ అంతే! అంటే తెలుసు. తెలిసే అమ్ముతున్నారు, తెలిసే రీప్లేస్‌మెంట్ పేరుతో అదే పంపి గడువు దాటించారు. మరి లిస్టింగ్‌లో ఎందుకు రాయలేదండీ అంటే ‘ఆడేవాళ్లకి తెలుస్తుంది మేడం’ అన్నాడు. కుడి బాణం సంగతి అడిగితే, దూకారా అన్నాడు. మీ ఫొటోలో అమ్మాయి ఎగురుతోంది కదా అన్నాను. ‘అది మోడల్ ఫొటో మేడం, దూకితే ఫిజికల్ డ్యామేజ్ కింద వస్తుంది, వారంటీ ఉండదు.’ డ్యాన్స్ మ్యాట్ మీద కాలు గట్టిగా పడితే వారంటీ పోతుందట!

అక్కడితో ఆగినా నేను ఇంత రాసేదాన్ని కాదు. ఎవరు ఆడారు అని అడిగాడు. మా అమ్మగారు అన్నాను. ‘ఆవిడ బరువెంత?’ అన్నాడు. నేను మాట్లాడేలోపే, ‘ఆ వయసులో ఆవిడకి డ్యాన్స్ ఎందుకు మేడం, ఆ ఒంటికి ఏ మ్యాట్ అయినా పోతుంది, ఓవర్ వెయిట్ అని రాసుకుంటున్నాను’ అన్నాడు. లిస్టింగ్‌లో 120 కిలోల వరకు ఆగుతుందని వాళ్లే రాశారు, అమ్మ దాని దరిదాపుల్లో కూడా లేదు. ఆవిడని చూడలేదు, బరువు వినలేదు, అయినా అనేశాడు. అమ్మ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. నేను గట్టిగా అరిచాను, మేనేజర్‌కి ఇవ్వమన్నాను, అతను పెట్టేశాడు. ‘పోనీలేమ్మా, మూడువేల దగ్గర ఏం గొడవ’ అంటూ అమ్మ గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

డబ్బు సంగతి ఎలాగైనా తేల్చుకుంటాం. కానీ ఇన్నాళ్లూ ఎవరూ చెప్పకుండానే సాయంత్రం అయ్యేసరికి చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, ‘ఏదిరా నా పాట పెట్టు’ అనే మనిషి ఇవాళ కంప్యూటర్ వైపే చూడలేదు. షుగర్ ఉన్న మనిషికి నచ్చిన వ్యాయామం ఒకటి దొరకడం ఎంత కష్టమో ఇంట్లో అలాంటివాళ్లు ఉన్నవాళ్లకి తెలుసు. వస్తువు బాగోలేకపోతే బాగోలేదని చెప్పి డబ్బు వెనక్కి ఇవ్వాలి, అంతేగానీ ఒక ఆడమనిషిని, అందులో పెద్దావిడని, ఆవిడ ఒంటి గురించి మాట్లాడే హక్కు వాళ్లకి ఎవరిచ్చారు?

యాప్‌లో రివ్యూ రాశాను, నిబంధనలకి విరుద్ధం అని తీసేశారు. అందుకే ఇక్కడ.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. తెలుగులోనే మాట్లాడొచ్చు. 2020లో వచ్చిన ఈ-కామర్స్ రూల్స్‌లో స్పష్టంగా ఉంది: వస్తువులో లోపం ఉన్నా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేకపోయినా సెల్లర్ వెనక్కి తీసుకోను అనడానికి వీల్లేదు. ‘నో రిటర్న్’ అని వాళ్లు రాసుకున్నంత మాత్రాన చెల్లదు. యాప్‌వాళ్ల గ్రీవెన్స్ ఆఫీసర్ ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. తేల్చకపోతే మనం ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, సెల్లర్ ఏ ఊళ్లో ఉన్నా సరే, ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా ఉండదు. నేను వేస్తాను, వదలను.

ఇక కొనాలనుకునేవాళ్లకి తమ్ముడు చెప్పమన్న నాలుగు ముక్కలు. కొనే ముందు సెల్లర్‌ని ఒక్కటే అడగండి, ఎడమ కుడి బాణాలు ఒకేసారి తొక్కితే రెండూ పడతాయా అని, జవాబు రాతలో తీసుకోండి. పాత ప్లేస్టేషన్ మ్యాట్‌కి కన్వర్టర్ పెట్టి వాడేవాళ్లు కూడా ఇదే చూసుకోండి, మ్యాట్ మంచిదైనా కొన్ని కన్వర్టర్ల దగ్గర జంప్‌లు పోతాయి. ఎరుపు, తెలుపు, పసుపు పిన్నులతో టీవీకి పెట్టే మ్యాట్‌లు వేరే రకం, వాటిలో వాళ్లిచ్చిన ఆటలే వస్తాయి, స్టెప్‌మేనియాకి పనికిరావు. మాల్‌లో చూసే పంప్ ఇట్ అప్ మెషీన్‌కి మధ్యలో ఒకటి, మూలల్లో నాలుగు, మొత్తం ఐదు గడులు ఉంటాయి, అది ఆడాలంటే ఆ గడులున్న మ్యాటే కావాలి. గట్టి మెటల్ ప్యాడ్‌లు కావాలంటే బయట దేశాల్లో స్టెప్‌మేనియా వాళ్లు పోలండ్‌లో తయారయ్యే ఎల్-టెక్ ప్యాడ్‌లు వాడతారు, కాకపోతే షిప్పింగ్, కస్టమ్స్ కలిపి లెక్క వేసుకోండి. మెత్తటి మ్యాట్ అయితే టైల్స్ మీద జారుతుంది, పెద్దవాళ్లున్న ఇంట్లో కింద యోగా మ్యాట్ వేయండి, లేదా ప్లైవుడ్ ముక్కకి టేపుతో అంటించండి. వాడాక మడత పెట్టొద్దు, చుట్టి పెట్టండి.

ఆ మ్యాట్ కార్ట్‌లో ఉన్నవాళ్లు ఇప్పుడే తీసేయండి. ఇప్పటికే వచ్చేసి ఉంటే డబ్బా విప్పేటప్పుడే వీడియో తీయండి, ఆ రోజే జాయ్.సీపీఎల్ తెరిచి రెండు బాణాలూ కలిపి తొక్కి ఆ తెర కూడా రికార్డ్ చేయండి, రీప్లేస్‌మెంట్‌కి ఒప్పుకోకుండా నేరుగా రీఫండే అడగండి. వాళ్లు ఫోన్ చేస్తే స్పీకర్ మాత్రం పెట్టకండి.