డ్రిప్ రేట్ లెక్కలేసే యాప్, 5కి 3 స్టార్లే

రెండు నెలల నుంచి హాస్పిటల్ డ్యూటీలో వాడుతున్నా. ముందు బాగున్నదే చెప్తా, ఆన్సర్ ఒక్కటే పడేసి ఊరుకోదు, స్టెప్పులన్నీ చూపిస్తుంది. డోపమిన్ (బీపీ పడిపోతే పెంచడానికి ఇచ్చే మందు) కేజీకి నిమిషానికి 5 మైక్రోగ్రాములు, పేషెంట్ 60 కేజీలు, 50 ఎంఎల్ సిరంజ్‌లో 200 ఎంజీ కలిపాం అని కొట్టామనుకోండి, నిమిషానికి 300 మైక్రోగ్రాములు, అంటే గంటకి 18 ఎంజీ, ఎంఎల్‌కి 4 ఎంజీ ఉంది కాబట్టి పంప్‌లో గంటకి 4.5 ఎంఎల్ పెట్టు అని వరసగా వస్తుంది, మనం చేత్తో వేసినప్పుడు 60తో గుణించడం ఎక్కడ మర్చిపోయామో ఇట్టే దొరికిపోతుంది. నెట్ లేకపోయినా పనిచేస్తుంది, అది ఇంకా హాయి.

ఇక నాకు మండిన విషయం. డ్రాప్ ఫ్యాక్టర్ (డ్రిప్ సెట్ నుంచి ఎన్ని చుక్కలు పడితే ఒక ఎంఎల్ అనేది) గడిలో ముందే 15 అని నింపేసి ఉంటుంది, అదీ చిన్న అక్షరాల్లో కింద ఎక్కడో. ఒక నైట్ 1000 ఎంఎల్ 8 గంటల్లో ఎక్కించాలి, పంపులన్నీ వేరే బెడ్లకి ఉన్నాయి, హడావిడిలో యాప్ చెప్పిన నిమిషానికి 31 చుక్కలే పెట్టేశా. రెండు గంటల తర్వాత బాటిల్ చూస్తే 250 దిగాల్సింది 200 కూడా దిగలేదు! సెట్ కవర్ తీసి చూస్తే 20 చుక్కలు ఒక ఎంఎల్ అని ఉంది, అంటే 42 పెట్టాలి. అలాగే వదిలేస్తే ఆ బాటిల్ అయ్యేసరికి పదిన్నర గంటలు దాటిపోయేది. తప్పు నాదే, కాదనను, కవర్ ముందే చూడాలి. లోటు పూడ్చేద్దామని స్పీడ్‌గా వదలకూడదు కదా, డాక్టర్‌కి చెప్పి మిగిలినదానికి కొత్తగా లెక్కేసి పెట్టాం, పేషెంట్‌కి ఏం కాలేదు.

చిన్న చుక్కలు పడే మైక్రో సెట్‌కైతే ఈ గొడవ లేదు లెండి, 60 చుక్కలు ఒక ఎంఎల్ కాబట్టి గంటకి ఎన్ని ఎంఎల్లో నిమిషానికి అన్ని చుక్కలు, దానికి యాప్ కూడా అక్కర్లేదు.

ఇంకోటి, 5 అని చూపించాల్సిన చోట 5.0 అని చూపిస్తుంది, మధ్యలో పాయింట్ కనపడక ఎవరైనా 50 అని చదివితే? బరువు 600 కేజీలు అని కొట్టి చూశా, కిక్కురుమనకుండా దానికీ రేట్ ఇచ్చేసింది.

ఇప్పుడు ముందు కాగితం మీద వేసుకుని, తర్వాతే యాప్‌లో సరిచూసుకుంటున్నా, హై రిస్క్ మందులైతే పక్క సిస్టర్‌తో కూడా లెక్క వేయిస్తున్నా. ఆ డ్రాప్ ఫ్యాక్టర్ గడి ఖాళీగా పెట్టి, సెట్ చూసి నంబర్ కొడితేనే ముందుకెళ్లేలా మారిస్తే నాలుగో స్టార్ ఇస్తా.