సిమ్ ట్రే లేని ఫోన్‌తో మా ఊళ్లో మూడు సెలవులు

రాజోలు సెల్ షాపులో కుర్రాడు నా ఫోన్ చేతిలోకి తీసుకుని, పిన్ను పట్టుకుని నాలుగు అంచులూ తడిమాడు. ఛార్జింగ్ పెట్టే చోట టార్చి వేసి కూడా చూశాడు. "ఆయ్, బెజ్జం ఎక్కడుందండి దీనికి?" అన్నాడు. ఇది అమెరికాలో కొన్నది, దీనికి బెజ్జం ఉండదయ్యా అంటే నమ్మలేదు. బల్ల మీద రిపేరుకొచ్చిన ఐఫోన్ 14 ఇంకోటి ఉంది, మన దేశంలో అమ్మినది. తీసి పక్కన పెట్టాడు. రెండూ కవలల్లా ఉన్నాయి. ఒకదానికి నోరుంది, నాదానికి లేదు.

ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మేవాటికి సిమ్ ట్రే తీసేశారు. అన్నీ ఈ-సిమ్‌లే, అంటే విడిగా సిమ్ కార్డు ఉండదు, ఫోన్ లోపలున్న చిప్పులోకే నంబరు ఎక్కించుకోవాలి. నేను 2022 చివర్లో కొన్నాను, మూడేళ్లు దాటింది. అమెరికాలో అది ఎలా పనిచేస్తుందో ఇప్పటికే చాలామంది రాసేశారు. సెలవులకి కోనసీమ వచ్చినప్పుడు ఏం చేసిందో అదే రాస్తాను.

మొదటిసారి, 2023 సంక్రాంతికి, ఏమీ చేయలేదు. వాయిదాల మీద కొన్న ఫోన్ కాబట్టి బాకీ తీరేదాకా అక్కడి నెట్‌వర్క్ కంపెనీ దానికి తాళం వేసి ఉంచింది. ఇక్కడి నంబరు ఎక్కించుకోనివ్వలేదు. ఆ సంగతి నాకు హైదరాబాద్‌లో దిగాక తెలిసింది. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిస్తే క్యారియర్ లాక్ అని ఒక లైను ఉంటుంది. ఎదురుగా 'నో సిమ్ రిస్ట్రిక్షన్స్' అని ఉంటేనే టికెట్టు కొనుక్కోండి. అలా లేకపోతే బాకీ తీర్చేసి అన్‌లాక్ చేయించుకోండి. ఆ పండక్కి నా ఫోన్ వైఫై ఉన్న ఇళ్లలోనే ఫోను, మిగతా చోట్ల కెమెరా. భోగి మంట దగ్గర ఎవరో చేస్తే అమెరికా నంబరు మీద ఎత్తాను. ఆ ఒక్క కాల్‌కి రోమింగ్ కింద పది డాలర్లు పడ్డాయి.

2024 మేలో ఓటు వేయడానికి వచ్చేసరికి తాళం తీసేశారు. అప్పుడే రాజోలు షాపు. కుర్రాడు చేతులెత్తేశాక ఇంటికొచ్చి నేనే మొదలుపెట్టాను. నా పాత నంబరు సిమ్ నాన్న కీప్యాడ్ ఫోన్లో రెండో చోట ఉండేది. నంబరు పోకుండా ఆయనే రీఛార్జ్ చేయిస్తూ వచ్చారు. 90 రోజులు వాడకపోతే, బ్యాలెన్సూ లేకపోతే నంబరు తీసేస్తారు కదా. ఈ-సిమ్‌కి మారాలంటే ఆ పాత సిమ్ నుంచే మెసేజ్ పంపాలి, వాళ్లడిగినప్పుడు అందులోంచే ఒప్పుకోవాలి. అంటే ఇంట్లో ఇంకో ఫోన్ ఉండి తీరాలి. మాది 2జి డబ్బా. పని అయింది గానీ, నాది జియో నంబరైతే అందులో పలికేదే కాదు, దానికి కనీసం 4జి ఉండాలి.

మొదటి ప్రయత్నం నాన్న చెడగొట్టారు. ఒప్పుకోలు కోసం కంపెనీ కాల్ వచ్చేసరికి నేను పెరట్లో ఉన్నాను. ఆయన ఎత్తి, "ఎవడో హిందీలో మాట్లాడుతున్నాడ్రా" అని పెట్టేశారు. మళ్లీ మొదటినుంచీ. రెండోసారి క్యూఆర్ కోడ్ మెయిల్‌కి వచ్చింది. నా ఫోన్లో ఉన్న కోడ్‌ని నా ఫోన్‌తోనే ఎలా స్కాన్ చేయాలో తోచక బావకి పంపి, బావ హాట్‌స్పాట్ మీద, బావ ఫోన్లో చూపించి ఎక్కించుకున్నాను.

సిగ్నల్ గీతలు వచ్చాయి. మెసేజ్‌లు మాత్రం రాలేదు. సిమ్ మార్చితే 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపేస్తారు, మోసాలు జరక్కుండా పెట్టిన రూలు. మంచి రూలే. కానీ యూపీఐ మొదలవ్వాలంటే ఆ సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ వెళ్లాలి. కాబట్టి ఆ రోజు బొండాలకి కూడా అమ్మనే డబ్బులడిగాను. అమెరికా, యూఏఈ, సౌదీ, ఖతార్, ఒమన్ లాంటి పది దేశాల నంబర్లకి ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాల (విదేశాల్లో ఉండే మనవాళ్లకి ఇక్కడి బ్యాంకులిచ్చే ఖాతాలు) మీద యూపీఐ ఇవ్వొచ్చని 2023 జనవరిలో యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ చెప్పింది. మా బ్యాంకు యాప్ నా అమెరికా నంబరుని ఎంతకీ ఒప్పుకోలేదు. మీ బ్యాంకుని బయల్దేరకముందే అడగండి.

ఆ 24 గంటలు దాటాక ఇబ్బంది లేదు. అమెరికా ఫోన్లకి మన బ్యాండ్లు, అంటే ఇక్కడి సిగ్నల్ పట్టే తరంగాలు, ఉండవని భయపెడతారు గానీ దీంట్లో ఉన్నాయి. జియో 4జికి వాడే 3, 5, 40, ఇక్కడి 5జికి కావలసిన ఎన్78, ఎన్28, అన్నీ. అమలాపురంలో 5జి వచ్చింది. మా ఊరి కాలవ గట్టు మీద 4జి కూడా తడబడుతుంది గానీ, అక్కడ ఎవరి ఫోనైనా అంతే. రెండు నంబర్లూ ఒకే ఫోన్లో ఉండటం నాకు బాగా నచ్చింది. డేటా ఇక్కడి నంబరు మీద పెట్టి, అమెరికా నంబరుకి రోమింగ్ ఆపి, వైఫై కాలింగ్ తెరిచి ఉంచాను. అక్కడి బ్యాంకు ఓటీపీలు ఇంటి వైఫై మీదే వచ్చేశాయి, పైసా పడలేదు.

ఛార్జర్‌కి భయం లేదు, సన్నక్షరాల్లో 100-240 వోల్టులని రాసే ఉంటుంది. కానీ ఆ పలక పిన్నులు మా ఇంటి సాకెట్‌లో వదులుగా వేలాడి చిటపటలాడేవి. ఇక్కడ ఒకటి కొనేశాను. ఎండకి మాత్రం ఆగదు. 35 డిగ్రీలు దాటని చోట వాడమని కంపెనీయే చెబుతుంది. మేలో మన దగ్గర 35 అంటే ఉదయం తొమ్మిది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వీడియో తీస్తుంటే నది మధ్యలో తెర మసకబారింది, నరసాపురం ఒడ్డుకి చేరేసరికి చల్లబడేదాకా ఆగమని రాసింది.

మూడోసారి 2025 దీపావళికి వచ్చి ఉండిపోయాను. అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మాకు సాయంత్రమే కరెంటు పోయింది. పవర్ బ్యాంక్ తెచ్చుకోలేదు. కొబ్బరిచెట్లు ఊగుతున్న శబ్దం వింటూ, ఐదు నిమిషాలకోసారి వార్తలు చూస్తూ పదకొండింటికి ఫోన్ చంపేశాను. మామూలు సిమ్ అయితే తీసి నాన్న డబ్బాలో వేసేవాణ్ణి. ఆ డబ్బాకి ఛార్జింగ్ నాలుగు రోజులుంటుంది. నా సిమ్ ఉండే రెండో చోటు ఖాళీగా ఉంది కూడా. నంబరు మాత్రం చచ్చిన ఫోన్ లోపల ఉండిపోయింది. మా ఆవిడ టెన్షన్‌తో అమెరికా నుంచి దానికే చేస్తోంది. తన నంబరు నాకు నోటికి రాదు. తెల్లారాక నాన్న నంబరు వెతికి చేసింది. ఏం తిట్టిందో రాయను.

ఇన్నాళ్లూ ఇది అమెరికా వాళ్ల గొడవ. 2025లో వచ్చిన ఐఫోన్ 17 నుంచి కువైట్, ఖతార్, ఒమన్, సౌదీ, యూఏఈలలో అమ్మేవాటికీ ట్రే లేదు. మా వీధిలో సగం ఇళ్ల నుంచి ఎవరో ఒకరు గల్ఫ్‌లో ఉన్నారు, వచ్చేటప్పుడు పిల్లలకి ఫోన్లు తేవడం మామూలు. తుఫాను తర్వాత కువైట్ నుంచి పిన్ని చేసి, మావాడికి పదిహేడు కొంటున్నా, బాగుంటుందా అని అడిగింది.

"ఫోన్ బాగుంటుంది పిన్నీ. వాడి సిమ్ ఎవరి పేరు మీదుంది?" అన్నాను. మెసేజ్‌తో ఒకసారి మార్చుకోవచ్చు. కానీ ఫోన్ పోయినా, పాడైనా మళ్లీ సిమ్ తీసుకోవాలంటే పేరున్న మనిషే ఆధార్ పట్టుకుని వెళ్లాలి.

"మీ తాతయ్య పేరు మీద."

తాతయ్య పోయి మూడేళ్లయింది. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

"అయితే ముందు వాణ్ణి వాడి పేరు మీద సిమ్ తీసుకోమంటాలేరా," అంది.