స్వరాజ్ ద్వీప్‌లో సముద్రం ముందు విల్లా: రాత్రికి 31,270 కట్టి చూసింది

అండమాన్‌లో సముద్రానికి ఎదురుగా విల్లా తీసుకోవాలని చూస్తున్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. మా అమ్మ ఎన్నాళ్లుగానో కోరుకున్న కార్తీక పౌర్ణమి సముద్ర స్నానం కోసమే మేం ఆ విల్లా తీసుకున్నాం. ఆ స్నానం అక్కడ జరగలేదు. జరగదని ఆ విల్లావాళ్లకు ముందే తెలుసు. నా కోపమంతా దాని గురించే.

వెళ్లింది అమ్మ, బాపు, మా ఆయన, పాప, నేను. మాది హనుమకొండ. మాకు సముద్రమంటే రోజూ కనిపించేది కాదు కాబట్టి, బాపు షష్టిపూర్తి అయ్యాక వాళ్లిద్దరినీ గది గుమ్మం దిగితే నీళ్లు తగిలే చోట ఉంచాలనుకున్నాం. హైదరాబాద్ నుంచి శ్రీ విజయపురం (2024 దాకా పోర్ట్ బ్లెయిర్) విమానం, అక్కడ సెల్యులార్ జైలు, మర్నాడు స్వరాజ్ ద్వీప్‌కి పడవ. ఇవన్నీ హాయిగా జరిగిపోయాయి. పోర్ట్ బ్లెయిర్‌లో మా కారు డ్రైవర్ తెలుగాయన, తాతలది శ్రీకాకుళం వైపు. ఆయన మాట్లాడుతుంటే బాపుకి పరాయి ఊరన్న బెరుకే పోయింది. ప్రైవేటు పడవకు తలా 1,650 రూపాయలు, గంటన్నర ప్రయాణం. సర్కారు పడవ చాలా చవక కానీ ఎక్కువసేపు పడుతుంది, టికెట్లు దొరకడమూ కష్టం. జెట్టీ దగ్గర గుర్తింపు కార్డులు చూస్తారు, ఒరిజినల్స్ చేతిలో ఉంచుకోండి.

2018 చివర్లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చినా, అక్కడివాళ్లు ఇంకా హావ్‌లాక్ అనే అంటారు. మా విల్లా తూర్పు ఒడ్డున విజయనగర్ వైపు ఉంది. రాత్రికి 26,500, దాని మీద 18 శాతం జీఎస్టీ 4,770, మొత్తం 31,270. రెండు పడక గదులు, చిన్న ఈతకొలను, ముందు గడ్డి, గడ్డి దాటితే ఇసుక. గది సంగతి అన్యాయంగా చెప్పను. శుభ్రంగా ఉంది, పరుపులు బాగున్నాయి, ఏసీ ఎప్పుడూ ఆగలేదు. ఫోటోల్లో గడ్డి అంచు దాకా ఆకుపచ్చ నీళ్లు ఉంటాయి. మేం మధ్యాహ్నం మూడున్నరకి తలుపు తీసేసరికి నీళ్లు లేవు. కనుచూపు మేర నల్లటి బండలు, చచ్చిన పగడాల ముక్కలు, మధ్యమధ్య గుంటల్లో పీతలు. సముద్రం ఎక్కడో దూరంగా తెల్లగా గీత గీసినట్టు ఉంది. పాప చెప్పుల్లేకుండా పరుగెత్తి నాలుగడుగుల్లోనే కాలు కోసుకుంది. ఐదు కొట్టేసరికి సూర్యుడు అస్తమించాడు. ఈ దీవులు అంత తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే కాబట్టి నవంబరులో సాయంత్రం ఐదుకే చీకటి పడుతుంది. మొదటి రోజు సముద్రం అలా పోయింది.

మేనేజర్‌ని అడిగితే "ప్రకృతి కదా మేడమ్, పొద్దున వస్తుంది" అన్నాడు. పొద్దున ఎన్నింటికి అంటే చెప్పలేదు. రాత్రి కాపలా ఉన్న పెద్దాయన చెప్పాడు. పౌర్ణమికి, అమావాస్యకి నీళ్లు బాగా లోపలికి పోతాయట. ఈ ఒడ్డున తెల్లవారుజామున, మళ్లీ మధ్యాహ్నం మూడు నాలుగు గంటలకు బండలు తేలతాయట. మళ్లీ గడ్డి అంచుకు నీళ్లు రావాలంటే పొద్దున పది అవుతుందట. ఇదేదో రహస్యం కాదు. భారత సర్వే సంస్థ ఏటా ఆటుపోట్ల పట్టికలు ముందుగానే వేస్తుంది. విల్లా ఆఫీసు గోడకు కూడా ఆ కాగితం అంటించి ఉంది, నేనే చూశాను. "పౌర్ణమి పొద్దున సూర్యోదయానికి మా అమ్మ స్నానం చేయాలి, కుదురుతుందా?" అని నేను నెల ముందే మెయిల్ రాశాను. "మీ గది నుంచి పది అడుగుల్లో సముద్రం, తప్పకుండా" అని జవాబు వచ్చింది. ఆ జవాబు ఇప్పటికీ నా దగ్గరుంది.

అమ్మ ఏమీ అనలేదు. తెల్లవారుజామున లేచి చీర కొంగు బిగించుకుని ఆ బండల వైపు చూస్తూ నిలబడింది. బాపుకి మాత్రం కోపం ఆగలేదు. "గింత పైసలు పెట్టి రాళ్లు చూడనీకి వచ్చినమా బిడ్డా" అన్నాడు. అప్పుడు ఆదుకున్నది మళ్లీ ఆ కాపలా పెద్దాయనే. తనకు తెలిసిన ఆటో అతన్ని లేపి పిలిపించాడు. రాధానగర్ బీచ్‌కి పోయి రావడానికి, అక్కడ ఆగడానికి కలిపి 900 రూపాయలు. దీవి పడమటి ఒడ్డుకు పది పన్నెండు కిలోమీటర్లు, దారంతా పోక చెట్లు, అరటి తోటలు.

రాధానగర్ గురించి అందరూ గొప్పగా రాస్తారు. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోనే మేటి బీచ్ అందని, 2020లో శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిందని ప్రతిచోటా కనిపిస్తుంది. మాకు కావాల్సిన విషయం మాత్రం ఆ పొగడ్తల్లో ఎక్కడా లేదు. అక్కడ నీళ్ల కింద బండలు లేవు, పిండిలాంటి ఇసుకే. నీళ్లు వెనక్కి తగ్గినా నాలుగడుగులు ఎక్కువ నడిస్తే చాలు, నడుముల్లోతుకు దిగొచ్చు. మేం వెళ్లేసరికి సూర్యోదయం దాటిపోయింది. ఒడ్డున పదిమంది కూడా లేరు. అమ్మ బాపు చెయ్యి పట్టుకుని దిగి మూడు మునకలు వేసింది, దోసిలితో అర్ఘ్యం ఇచ్చింది. అంతసేపూ పాప కూడా గోల చేయకుండా అమ్మమ్మనే చూస్తూ నిలబడింది. అక్కడ టికెట్ లేదు, రిసెప్షన్ లేదు, ఎవరూ ఏమీ అడగలేదు. స్నానానికి జెండాలు పాతి హద్దు పెట్టారు, ఆ హద్దు దాటకండి. 2010లో ఇదే తీరం దగ్గర మొసలి ఒక పర్యాటకురాలిని చంపింది. అక్కడి బోర్డులు ఊరికే పెట్టలేదు.

ఆ తర్వాత ఎలిఫెంట్ బీచ్. పడవ, పగడాలు, రంగు చేపలు, పాప సంతోషం. విల్లావాళ్లు తలా 1,600 తీసుకున్నారు, జెట్టీ దగ్గర అదే పడవకు అడిగితే 1,000 అన్నారు. నీళ్లు నిండుగా ఉన్న పది గంటలకు మేం అక్కడున్నాం కాబట్టి ఆ రోజూ మా విల్లా ముందు సముద్రం చూడలేదు.

ఇక తిండి. అమ్మ పగలంతా ఉపవాసం. చంద్రుడు కనిపించాక దీపం పెట్టి తింటుంది, ఆ రోజు ఉల్లి, వెల్లుల్లి ముట్టదు. ఇదీ ముందే రాశాం. రాత్రి బఫేకి తలా 1,800 రూపాయలు. అక్కడ అమ్మ తినగలిగినవి తెల్లన్నం, పెరుగు, కోసిన పుచ్చకాయ, అంతే. వంటవాణ్ని ఒక పప్పు చేయమంటే "ఒకరోజు ముందు చెప్పాలి" అన్నారు. మా ఆయన మామూలుగా ఎవరితోనూ గొడవ పెట్టుకోరు. ఆ రాత్రి మాత్రం పళ్లెం బల్ల మీద పెట్టి "పదండి, బజారుకి పోదాం" అని లేచారు.

గోవింద్‌నగర్ బజారులో రేకుల కప్పు కింద ఆరు బల్లల బెంగాలీ హోటల్. ఇక్కడి వాళ్లలో ఎక్కువమంది దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు. వాళ్లకు అదే రోజు రాస పూర్ణిమ. హోటల్ నడిపే ఆమెకు హిందీలో అమ్మ ఉపవాసం సంగతి చెప్పాం. "పూర్ణిమకు మా ఇంట్లోనూ అదే వంట" అని లోపలికి పోయి, ఇంటివాళ్ల కోసం వండిన ఖిచుడీ తెచ్చింది. వేయించిన పెసరపప్పు, సన్న బియ్యం, అల్లం, జీలకర్ర, పైన నెయ్యి. పక్కన గుమ్మడికాయ, వంకాయ, చిలగడదుంప కలిపి మగ్గించిన కూర, టమాటా ఖర్జూరం పచ్చడి, వేయించిన అప్పడం. అమ్మ రెండోసారి అడిగి పెట్టించుకుంది. బాపు, మా ఆయన 250 రూపాయల చేపల భోజనం తిన్నారు, ఆవ ఘాటుతో ఉన్న ఆ పులుసు గురించి బాపు ఇప్పటికీ చెబుతాడు. అమ్మ పళ్లేనికి ఆమె డబ్బు తీసుకోనంది. ఉపవాసం విడిచేవాళ్ల దగ్గర పైసలేంటి అంది. పాప చేతిలో వంద పెట్టి బలవంతంగా ఇప్పించాం.

వెళ్లిపోయే రోజు పొద్దున తొమ్మిదిన్నరకు నీళ్లు రావడం మొదలైంది. పది దాటాక ఫోటోలో చూసినట్టే గడ్డి అంచు దాకా ఆకుపచ్చగా నిండింది. గది ఖాళీ చేయాల్సింది పదింటికి. మా పడవ రెండు గంటలకు. ఇంకో రెండు గంటలు ఉండనివ్వమంటే 6,000 అడిగారు. తర్వాతి అతిథులు ఎప్పుడొస్తారంటే సాయంత్రమని వాళ్ల కుర్రాడే చెప్పాడు. మేం కట్టలేదు. సామాను రిసెప్షన్‌లో పెట్టి, ఒడ్డు అందరిదీ కాబట్టి పక్క దారి నుంచి ఇసుక మీదకు వెళ్లి గంటసేపు నీళ్లలో ఉన్నాం. బాపు తృప్తిగా ఈదాడు. బట్టలు మార్చుకోవడానికి మాత్రం గది ఇవ్వలేదు, బయటి టాయిలెట్‌లో మార్చుకోవాల్సి వచ్చింది. అరవై దాటిన మనిషికి అలా చేయడం నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

కాబట్టి తూర్పు ఒడ్డున విల్లా తీసుకునేవాళ్లు తేదీలు ఖాయం చేసే ముందు ఆటుపోట్ల పట్టిక చూసుకోండి. నీళ్లు నిండే గంటలకు గది మీ చేతిలో ఉంటుందా అని రాతపూర్వకంగా అడగండి. నన్నడిగితే ఆ ఒడ్డుకు అంత ఖర్చే వద్దు. విజయనగర్‌లోనే రోడ్డు పక్కన 4,000 లోపు శుభ్రమైన కాటేజీలు చూశాం. అందులో ఉండి రోజూ ఆటోలో రాధానగర్ పోండి, పగటి పనులన్నీ ఐదు లోపు ముగించుకోండి. సాయంత్రం ఒడ్డున కూర్చుంటే ఇసుక ఈగలు కాళ్లంతా కొరుకుతాయి, కొబ్బరినూనె రాసుకోండి. గవ్వలు, పగడాలు సంచిలో వేసుకోవద్దు, విమానాశ్రయంలో పట్టుకుంటారు.

ఊరికి వచ్చాక వాళ్ల మెయిల్ జవాబును జతచేసి, ఒక రాత్రి డబ్బు తిరిగి ఇవ్వమని రాశాను. మళ్లీ వస్తే పది శాతం తగ్గిస్తామన్నారు. వినియోగదారుల కమిషన్‌కి ఫిర్యాదు కాగితాలు మా ఆయన సిద్ధం చేస్తున్నారు.